నాన్న కోసం ఇరుకు చేసిన తెర

ఇల్లు మారేటప్పుడు పారేయాల్సినవి పారేయకుండా మోసుకుపోవడం మా ఇంటి జబ్బు. నోయిడాలో ఈ ఫ్లాటుకి వచ్చి ఏడాది దాటినా అటక మీద మూడు అట్టపెట్టెలు విప్పకుండా అలాగే పడున్నాయి. పోయిన నెల మా అమ్మాయి దేనికోసమో వాటిలో ఒకటి దించి, మా నాన్నగారి షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కులు హాలు నిండా పరిచింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ పుస్తకాల నిండా ఆయన పెన్సిల్ గీతలు, కొక్కేలు, చుక్కలు, ఎవరో ఆఫీసరు చెబుతుంటే రాసుకున్న ఉత్తరాలు. ఒక పుస్తకం చివరి పేజీల్లో మాత్రం అంకెలున్నాయి. దస్తూరీ నాది. "మమ్మీ, యే క్యా హై? కోడ్ హై క్యా?" అంది పిల్ల. వరసకి తొమ్మిది అంకెలు, ప్రతి వరస చివరా నేనే రాసుకున్న మాట: 'నాన్నకి బాగుంది'. అలాంటి వరసలు పదకొండు. "పాత కంప్యూటర్‌ది ఏదోలే, లోపల పెట్టెయ్" అన్నాను. అది పెట్టేసింది, మర్చిపోయింది. నేను ఆ పూట అన్నం తినలేకపోయాను.

మేం అప్పుడు ఆర్.కె.పురంలో సర్కారు క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వరండా, వరండాకి అమ్మ కట్టించిన ఆకుపచ్చ చిక్కం. పొద్దున్నే పైవాటా పంజాబీ ఆంటీ వంటింట్లోంచి ఆవనూనె కమురు, మా వంటింట్లోంచి ఇంగువ పోపు, రెండూ మెట్ల మీద కలిసేవి. చలికాలంలో రజాయిలన్నీ వరండాలో ఎండకేస్తే ఇల్లంతా పాత దూది వాసన. నాన్నగారు ఒక మంత్రిత్వ శాఖలో స్టెనో. ఊరు బందరు దగ్గర, బతుకంతా ఢిల్లీ. ఆదివారం పొద్దున కాఫీ కాగానే వార్తాపత్రిక పరుచుకుని, దాని మీద ఆరు పెన్సిళ్ళు వరసగా పెట్టి, బ్లేడుతో చెక్కేవారు. ఆరూ ఒకే పొడవు రావాలి. రాకపోతే పొడుగుదాన్ని మళ్ళీ చెక్కేవారు. "అలా అయితే వారానికో డజను కావాలండీ మీకు" అని అమ్మ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. టైపు కొట్టేటప్పుడు ఆయన వేళ్ళకేసి చూసేవారు కాదు, కాగితంకేసీ చూసేవారు కాదు, ఎదురుగా గోడకేసి చూస్తూ కొట్టేవారు. తప్పు పడేది కాదు. ఆ పనంటే ఆయనకి ఎంత గర్వమో, మాకూ అంత గర్వం.

ఆఫీసులో టైపుమిషన్లు తీసేసి కంప్యూటర్లు పెడుతున్నారని కబురొచ్చింది. నాకు ఎమ్‌సీఏ చివరి ఏడాది మొదలైంది. ఇద్దరికీ పనికొస్తుందని నెహ్రూ ప్లేస్‌లో ఒక పాత కంప్యూటర్ కొన్నాం. మానిటర్ మరీ పాతది, వెనక గోనెసంచి అంత గూను. బొమ్మని అటూ ఇటూ జరుపుకోవడానికి దానికి కింద ఉండాల్సిన బటన్లు ఎప్పుడో విరిగిపోయి, లోపలికి కూరుకుపోయాయి. నేను అందులో విండోస్ బదులు లినక్స్ వేశాను. క్లాసులో మేం ముగ్గురం ఆడపిల్లలం. మగపిల్లలంతా లినక్స్ వేశాం అని గొప్పలు పోతుంటే నాకు కడుపుమంట. బేర్ సరాయ్‌లో ఒక జిరాక్సు పుస్తకం తెచ్చుకుని, మూడు రోజులు కుస్తీపట్టి, మొత్తానికి తెర మీద బొమ్మ తెప్పించాను. అప్పట్లో తెరలు ఇప్పట్లా తెలివైనవి కావు. బొమ్మ ఎంత వెడల్పు, ఎక్కడ మొదలు, చుట్టూ ఎంత నల్ల ఖాళీ అన్నదంతా ఒక ఫైల్లో అంకెలుగా మనమే రాసివ్వాలి. అంకె కాస్త తేడా వస్తే మానిటర్ కీచుమని అరిచేది. మరీ తేడా వస్తే మానిటర్ కాలిపోతుందని పుస్తకంలో రాసుంది. ఆ మాట చదివి నాకు భయం వెయ్యలేదు, ఇంకా హుషారొచ్చింది. అదీ నా వాలకం.

మొదటిసారి నాన్నగారు చెప్పింది నిజమే. "అమ్మడూ, ఎడమ పక్క అక్షరాలు కొంచెం తెగిపోతున్నాయే" అన్నారు. చూస్తే నిజంగానే బొమ్మ ఎడమ అంచు మానిటర్ ప్లాస్టిక్ వెనక్కి పోయింది. దాన్ని అప్పటికప్పుడు జరపడానికి లినక్స్‌లో ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది. ఎడమకి, కుడికి, వెడల్పుగా, ఇరుకుగా అని బటన్లు. నొక్కుతుంటే బొమ్మ కళ్ళముందే కదిలేది. సరిపోయాక అది చూపించే తొమ్మిది అంకెలూ రాసుకుని ఫైల్లో ఎక్కించాలి. ఆయన ఒక పెన్సిల్, తన పాత నోటుబుక్కు ఇచ్చారు. బొమ్మ కుడికి జరిపి, అంకెలు రాసి, ఫైల్లో పెట్టాను. ఆయన కుర్చీలో కూర్చుని ఒక పేజీ కొట్టి, "ఇప్పుడు బాగుంది. అమ్మడికి రాని విద్య లేదు" అన్నారు. మా నాన్న నన్ను నోరారా మెచ్చుకోవడం అరుదు. నేను మర్నాడు కాలేజీలో ముగ్గురికి చెప్పుకున్నాను.

పది పదిహేను రోజులకి మళ్ళీ అన్నారు, ఎడమ పక్క సరిగ్గా లేదని. పాత మానిటర్ కదా, వేడెక్కితే బొమ్మ జారుతుందేమో అనుకున్నాను. మళ్ళీ జరిపాను, మళ్ళీ రాశాను. ఆ తర్వాత కుడి పక్క అన్నారు. రెండు పక్కలా ఒకేసారి జరపలేం కాబట్టి బొమ్మనే కొంచెం ఇరుకు చేశాను, అటూ ఇటూ వేలెడు నల్ల పట్టీలు వదిలి. "ఆఁ, ఇది హాయిగా ఉంది" అన్నారు. ఆ సాయంత్రాలు నాకు ఇష్టంగా ఉండేవి. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, జంతికల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆయన కుర్చీలో, నేను పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద. వంటింట్లోంచి అమ్మ, "ఆ డబ్బాలో ఏముందని తండ్రీకూతుళ్ళిద్దరూ అలా కొంగల్లా కూచుంటారు? గిన్నెలు ఎవరు తోముతారు?" అనేది. ఆయన కన్నుగీటి, "వస్తున్నాంలేవే, సర్కారు పని" అనేవారు.

ఇంట్లో అప్పటికే వేరే సంగతులు కనిపిస్తూనే ఉన్నాయి, నేను కలిపి చూసుకోలేదంతే. స్కూటర్ తీయడం మానేశారు, "రింగురోడ్డు మీద పోయేవాళ్ళంతా పిచ్చెక్కి నడుపుతున్నారు" అని. పక్కనే పెట్టిన కాఫీ గ్లాసు రెండుసార్లు మోచెయ్యి తగిలి ఒలికింది. వరండా తలుపుకి భుజం కొట్టుకునేవారు. పైవాటా ఆంటీ మెట్ల మీద పక్కనుంచి నమస్తే అంటే పలకలేదని, "భాయీసాబ్ నారాజ్ హై క్యా?" అని, అన్నగారికి కోపమొచ్చిందా అని, ఆవిడ అమ్మని అడిగింది కూడా. "వయసు మీద పడితే పరధ్యానం" అని అమ్మ తేల్చేసింది. మరి నేను? కళ్ళున్న కబోదిని నేను. నా కళ్ళు మానిటర్ మీద ఉండేవి.

ఏడోసారో ఎనిమిదోసారో, ఒక ఆదివారం మధ్యాహ్నం, నాకు విసుగొచ్చింది. ఈ మానిటర్ జబ్బేంటో ఇవాళ తేల్చేస్తానని, తెర అంచుల వెంట నాలుగు పక్కలా తెల్లటి గీత గీయించాను. గీత అంతా కనిపిస్తే బొమ్మ తెగనట్టే. నాకు అంతా కనిపిస్తోంది. అటు వంగి చూశాను, ఇటు వంగి చూశాను. గీత దారప్పోగులా నిలబడే ఉంది. "నాన్నా, ఎడమ పక్క ఈ తెల్ల గీత కనిపిస్తోందా?" అన్నాను. "ఏ గీత?" అన్నారు. "తిన్నగా ఎదురుగా చూస్తూ, అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి." ఆయన చూపుడువేలు గాజు మీద పెట్టారు. మధ్యలోంచి మెల్లిగా ఎడమకి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆపారు. "ఇదిగో" అన్నారు. అక్కడ గీత లేదు. గీత ఇంకా రెండంగుళాలు అవతల ఉంది.

ఆ రెండంగుళాలని నేను ఎంతసేపు చూశానో చెప్పలేను. బయట పాత పేపర్లు కొనే రద్దీవాలా అరుచుకుంటూ పోయాడు. ఆయన వేలు తీయలేదు, నాకేసి తిరగలేదు, పరీక్ష రాసే పిల్లాడిలా అలాగే కూర్చున్నారు. తప్పు మానిటర్‌ది కాదని నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. అప్పుడు నేను చేసిన పని ఇది: మౌస్ పట్టుకుని, 'ఇరుకు' బటన్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. గీత కొంచెం కొంచెంగా లోపలికి వచ్చి ఆయన వేలి కింద ఆగింది. "ఆఁ, సరిగ్గా ఉంది" అన్నారు నాన్న. నేను పెన్సిల్ తీసుకుని తొమ్మిది అంకెలు రాసి, చివర ఎప్పటిలాగే 'నాన్నకి బాగుంది' అని రాశాను.

ఎందుకలా చేశానంటే చెప్పడానికి నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. నాకు ప్రాజెక్టు ఉంది, నోయిడాలో రెండు కంపెనీలు ఇంటర్వ్యూలకి పిలిచాయి. ఇంట్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: కళ్ళో చేతులో పోయిన స్టెనోని ఎవరుంచుకుంటారు, ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది, క్వార్టర్ పోతే ఢిల్లీలో మనకి నీడేదీ అని. నాన్న ఆఫీసులో ఎవరికో చెయ్యి పడిపోతే అన్న మాటలవి. నేను ఇప్పుడు నోరు విప్పితే ఇల్లు కదిలిపోతుంది, నా చదువు మధ్యలో ఆగుతుంది. ముందు ఉద్యోగం రానీ, అప్పుడు చెబుదాం, నెలా రెండు నెలల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాను. అనుకున్నానా? అంత స్పష్టంగా అనుకుని ఉంటే కాస్త సిగ్గయినా వేసేది. అనుకోకుండా తప్పించుకున్నాను. అది నవంబరు. ఆ చలికాలమంతా ఆయన పిలిచినప్పుడల్లా వెళ్ళి తెర ఇరుకు చేస్తూనే ఉన్నాను. నల్ల పట్టీలు రెండూ లావెక్కుతున్నాయి, మధ్యలో బొమ్మ చిక్కిపోతోంది. అక్షరాలు సన్నగా, నిలువుగా, ఆకలికి మాడిన మనుషుల్లా కనిపించేవి. ఆయన వాటినే చదువుకునేవారు.

ఏప్రిల్లో నాకు ఉద్యోగం వచ్చింది. అమ్మ పాయసం చేసి అన్ని వాటాలకీ పంచింది. ఇప్పుడు చెప్పొచ్చు కదా, చెప్పలేదు. ఇంత ఆలస్యంగా ఎలా చెప్పాలో తెలియలేదు. మే నెలలో నాన్న బస్సు దిగుతూ, పక్కనే ఉన్న ఫుట్‌పాత్ అంచు కనపడక బోర్లా పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. అమ్మ కట్టు కడుతూ ఆయన మొహంలోకి ఒక్కసారి తేరిపారా చూసింది. రెండు వేళ్ళు ఆయన చెవి పక్కగా ఆడించింది. ఆయన రెప్ప వెయ్యలేదు. అంతే. పదో తరగతి చదివిన మా అమ్మకి ఆ సంగతి తేల్చడానికి అర నిమిషం పట్టింది. మర్నాడు పొద్దున ఏడింటికల్లా ముగ్గురం ఒక పెద్ద సర్కారు కంటి ఆసుపత్రి వరసలో ఉన్నాం.

ఆ రోజు పరీక్షలు మధ్యాహ్నం దాకా సాగాయి. ఒక గిన్నెలాంటి దానిలో గడ్డం ఆనించి, లోపల చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. తర్వాత ఒక కాగితం అచ్చయి వచ్చింది. చుట్టూ నలుపు, మధ్యలో నిలువుగా కాస్త తెలుపు. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి చూపించింది. అది మా ఇంట్లో తెర. నేను నెల నెలా చేత్తో దిద్దిన తెరే అది. ఆవిడ హిందీలో, "కాలా మోతియా. తెల్ల మోతియా, అంటే శుక్లం, అయితే ఆపరేషన్ చేసి తీసేస్తాం, చూపు వస్తుంది. ఇది తీసుకుపోయింది తిరిగి ఇవ్వదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి" అంది. గ్లాకోమా, మన వైపు నీటికాసులంటారే, అదే. "కబ్ సే హై అంకుల్‌జీ? ఎప్పటి నుంచి పక్కలు కనపడటం లేదు?" అని అడిగింది. "పది పదిహేను రోజుల్నుంచి, మేడమ్" అన్నారు నాన్న, తడుముకోకుండా. ఆవిడ నమ్మలేదు. "ఆరు నెలల ముందొచ్చినా ఇంతకి రెండింతలు మిగిలేదే" అని మాకేసి చూసింది. అమ్మ ఏడుస్తోంది. నేను తేలు కుట్టిన దొంగలా గోడకానుకుని నిలబడ్డాను. నవంబరు నుంచి అని నా నోటి చివరిదాకా వచ్చింది. నాన్న అంతలో నా చెయ్యి పట్టుకుని, "పద అమ్మడూ, మందుల కిటికీ మూసేస్తారు" అన్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానని ఆ ఆసుపత్రి మెట్ల మీద తెలిసింది నాకు.

నాన్న ఉద్యోగం పోలేదు. ఆ విషయం ఇప్పటికీ తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆఫీసు వాళ్ళు వేరే సీటు ఇచ్చారు, ఫోన్లు అందుకునే పని. రిటైరయ్యే దాకా అదే చేశారు. క్వార్టరూ పోలేదు. ఏ భయంతో నేను నోరు కుట్టుకున్నానో అది ఉత్తిదే. చుక్కల మందు పూటపూటకీ రెండు కళ్ళల్లోనూ అమ్మే వేసేది, గడియారం చూసుకుని మరీ. ఆయన ఆ కంప్యూటర్ దగ్గరికి మళ్ళీ రాలేదు. నేను నోయిడా క్యాబ్ ఎక్కి పొద్దున పోతే రాత్రికి వచ్చేదాన్ని, తెరల దగ్గర పనే నాది. ఇప్పుడు మా అమ్మాయి తన ల్యాప్‌టాప్‌ని ఏ తెరకి తగిలించినా, ఆ తెర తన కొలత తనే చెప్పుకుంటుంది, బొమ్మ చక్కగా కూర్చుంటుంది. అంకెలు రాసేవాళ్ళు లేరు, మానిటర్ కీచుమనడం లేదు. అది చాలా మంచిదే, నేను కాదనను. కానీ ఒక్కోసారి ఆఫీసులో ఎవరైనా పెద్దాయన వచ్చి, "మేడమ్, స్క్రీన్ కొంచెం సరిగ్గా లేదు" అంటే, నేను తెరకేసి చూడను. ముందు ఆయన కళ్ళకేసి చూస్తాను. వాళ్ళు కంగారు పడతారు.

ఆఖరి రోజుల్లో నాన్న మా దగ్గరే ఉన్నారు. అమ్మ అప్పటికే పోయింది. చూపు దాదాపు పూర్తిగా ఆగిపోయింది, ఎండా నీడా తేడా తెలిసేదంతే. ఒక జనవరి మధ్యాహ్నం బాల్కనీలో ఎండలో కూర్చోబెట్టి, కమలాపండు ఒలిచి తొన తొన చేతికిస్తున్నాను. ఏం తోచిందో, ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది బయటికొచ్చింది. "నాన్నా, నాకు ముందే తెలుసు. తప్పు మానిటర్‌ది కాదని నాకు నవంబరులోనే తెలుసు. తెలిసీ చెప్పలేదు" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన తొన నములుతూ, గింజ అరచేతిలోకి తీసుకుని, నింపాదిగా అన్నారు: "తెలుసమ్మడూ. గీత నా వేలి దగ్గరికి వచ్చింది చూడు, అప్పుడే తెలిసింది నాకు. అంతసేపూ లేని గీత నా వేలి కిందకి దానంతటది ఎలా వస్తుంది?"

"మరి మీరెందుకు నోరు విప్పలేదు?"

"నీ చదువు అవ్వాలి కదా." నా తల ఎక్కడుందో వెతుక్కుంటూ చెయ్యి చాపారు. దొరికాక నిమిరారు. "అసలు నిన్నే ఎందుకు పిలిచానంటావ్? మీ అమ్మకి ఒక్క మాట అనుంటే మర్నాడే ఆసుపత్రికి ఈడ్చుకుపోయేది. నువ్వయితే తెర జరిపి ఊరుకుంటావని నాకు తెలుసు. బాధపడకు. నువ్వేం తప్పు చెయ్యలేదు, నేను అడిగిందే చేశావు."

నా బరువు దించాలనే అన్నారు ఆ మాట. పండు పూర్తిగా తినేసి, ఎండ మొహం మీద పడేలా కుర్చీ కాస్త తిప్పమన్నారు. తిప్పాను. అప్పటికి ఇరవయ్యేళ్ళుగా ఆయన ఎక్కడికి జరపమంటే అక్కడికి జరుపుతూనే ఉన్నాను. ఆ ఆర్.కె.పురం ఇంట్లో ఆయన్ని కాపాడగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆ మనిషిని నేను కాదని ఆయనకి ముందే తెలుసు.